ఎత్తు పెరిగింది.. పట్టు తగ్గింది!

పాత జీపులు, పికప్‌లకు పెద్ద టైర్లు
మన్యం దారులకు అనువే గాని ఘాట్‌లలో ముప్పు

పాడేరు: మన్యంలో బస్సు చేరని గూడేనికి జీపే బస్సు, జీపే అంబులెన్సు, జీపే సరకు బండి. సంతకు పసుపు, మిరియాలు, రాజ్‌మా చేరవేసినా, పురిటి నొప్పులు పడుతున్న మహిళను ఆసుపత్రికి తరలించినా దానితోనే పని. కంపెనీలు తయారీ మానేసి ఏళ్లు గడచిన కమాండర్‌ జీపులు, పది పదిహేనేళ్లు దాటిన పికప్‌లు ఇంకా ఈ కొండల్లో తిరుగుతున్నాయంటే కారణం అదే. అయితే ఈ పాత బండ్లను కొందరు యజమానులు కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఉంచడం లేదు. కమాన్‌ కట్టలకు అదనపు పట్టీలు వేయించి, షాకిళ్లు పొడిగించి, బాడీని పైకి లేపి పెద్ద టైర్లు బిగిస్తున్నారు. వంజంగి కొండకు, బొర్రా సమీపంలోని కటికి జలపాతానికి పర్యాటకుల రాక పెరిగిన తర్వాత ఎత్తయిన జీపుకు గిరాకీతో పాటు దర్జా కూడా తోడైంది.

యజమానుల వాదనలో పస లేదని కొట్టివేయడానికి వీల్లేదు. వర్షాకాలంలో మట్టిదారిలో చక్రాల గాడి లోతు పెరిగి, మధ్యనున్న మట్టిగట్టు వెనుక హౌసింగుకు తగులుతుంది. గెడ్డలు దాటేటప్పుడు రాళ్లు ఆయిల్‌ చాంబరును తాకుతాయి. చాంబరు పగిలితే ఆ రోజు కిరాయితో పాటు వారం సంపాదన పోయినట్లే. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. కాబట్టి బండిని నాలుగు అంగుళాలు పైకి లేపితే బాగుండునని డ్రైవరు అనుకోవడంలో వింత లేదు. వచ్చిన చిక్కల్లా ఆ నాలుగు అంగుళాలకు చెల్లించే మూల్యం వద్దే.

లెక్క ఇదీ..

పాత జీపులకు సాధారణంగా వచ్చేది 6.00-16 సైజు టైరు. దాని స్థానంలో 7.00-16 వేస్తే టైరు వ్యాసం సుమారు రెండు అంగుళాలు పెరుగుతుంది. కాని నేలకూ హౌసింగుకూ మధ్య ఎడం పెరిగేది అందులో సగమే, అంటే ఒక్క అంగుళం. ఈ సంగతి చాలామందికి తట్టదు. కమాన్‌ కట్ట ఎంత లేపినా ఛాసిస్‌, బాడీ పైకి వెళ్తాయే తప్ప హౌసింగు వెంట్రుకవాసి కూడా కదలదు. ఎందుకంటే హౌసింగు ఉండేది చక్రాలతోనే. రాయి తగిలే చోట లాభం అంగుళం కాగా, బండి బరువంతా మూడు నాలుగు అంగుళాలు పైకి చేరుతుంది.

బరువు పైకి చేరితే ఏమవుతుందో ఉదాహరణకు చూడవచ్చు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1300 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి 700 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న బండిని తీసుకుందాం. దూరంలో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 0.93 వస్తుంది. బండి పక్కకు ఒరగకుండా తట్టుకునే శక్తికి ఈ అంకె ఒక కొలమానం. అదే కేంద్రాన్ని మూడు అంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు లేపితే అంకె 0.84కు పడిపోతుంది. సుమారు పది శాతం నిలకడ అక్కడే పోయింది. ఇది ఖాళీ బండి లెక్క. టాప్‌పైన బస్తాలు, వాటిపైన మనుషులు ఎక్కితే మిగిలేదెంతో వేరే చెప్పనక్కరలేదు. పాడేరు, అనంతగిరి, లంబసింగి ఘాట్‌ల మలుపుల్లో బండి ఆధారపడేది ఈ నిలకడపైనే.

బ్రేకు, గేరు కూడా మారినట్లే

పెద్ద టైరు వేసిన బండి స్పీడోమీటరు నిజం చెప్పదు. వ్యాసం ఆరు శాతం పెరిగితే ముల్లు 40 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం 42 దాటి ఉంటుంది. ఇది చిన్న విషయమే అనుకున్నా, బ్రేకు సంగతి చిన్నది కాదు. డ్రమ్ము అదే, లైనర్లు అవే, చక్రం మాత్రం పెద్దది. పెడల్‌పై అంతే బలం వేస్తే నేల వద్ద అందే ఆపుదల ఆ మేరకు తగ్గుతుంది. దిగుడులో డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టు సడలడం పాత జీపులకు అలవాటే. ఇప్పుడు దానికి ఈ కొరత తోడవుతుంది. ఎక్కుడులోనూ ఇదే కథ. మొదటి గేరు ఇచ్చే లాగుడు ఆరు శాతం తగ్గడంతో డ్రైవరు క్లచ్‌ను సగం నొక్కి బండిని లాగిస్తాడు. ప్లేటు త్వరగా కాలుతుంది. ఎత్తు పెంచినందుకు అయిన ఖర్చు కన్నా తరువాత క్లచ్‌కు, క్రాస్‌ జాయింట్లకు పెట్టే ఖర్చే ఎక్కువని లెక్క చూసుకున్న యజమాని గ్రహించక మానడు.

క్రాస్‌ జాయింట్ల ప్రస్తావన ఊరికే రాలేదు. ఛాసిస్‌ లేచి హౌసింగు కింద ఉండిపోవడంతో ప్రొపెల్లర్‌ షాఫ్ట్‌ వాలు పెరుగుతుంది. ఆ వాలుకు తట్టుకోలేక క్రాస్‌లు అరిగి, వణుకు మొదలై, చివరకు షాఫ్ట్‌ ఊడినా ఆశ్చర్యం లేదు. ఛాసిస్‌ నుంచి చక్రానికి వెళ్లే బ్రేకు గొట్టం పొడవు మాత్రం పాతదే. చక్రం గోతిలోకి జారినప్పుడు అది బిగుసుకుంటుంది, తెగితే పెడల్‌ నేలకు తగులుతుంది. ముందు షాకిళ్లు పొడిగిస్తే చక్రాల కోణం మారి స్టీరింగ్‌ ఒకచోట నిలవదు. పని తెలిసిన మెకానిక్కు ఇవన్నీ సరిచేయగలడు. పొడుగు గొట్టాలు, పొడుగు షాక్‌ అబ్జార్బర్లు, కోణం సరిచేసే చీలలు ఉన్నాయి. కాని రెండు పట్టీలు, నాలుగు యూ బోల్టులతో ఒక్క పూటలో ముగించే పనిలో వీటికి చోటెక్కడ?

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్‌ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్‌, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతోంది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌ వద్ద ఈ మార్పే తగాదాకు మూలమవుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్‌ తప్పనిసరి, రవాణా వాహనాల రిజిస్ట్రేషన్‌ పత్రంలో టైర్ల సైజు కూడా నమోదవుతుంది. అయినా పరీక్ష నాటికి పాత టైర్లు బిగించి, మర్నాడు పెద్దవి ఎక్కించడానికి అడ్డేమీ లేదు. తనిఖీ కార్యాలయ ఆవరణకే పరిమితమైతే ఫలితం ఇంతే. సంత రోజున ఘాట్‌ కింద నిలబడి చూస్తే తప్ప అసలు బండి కంటబడదు.

పక్కనే ఉన్న పరిష్కారం

విచిత్రమేమిటంటే, ఎత్తు చాలడం లేదని లేపిస్తున్న బండ్లలో చాలావరకు ఎత్తు కోల్పోయినవే. ఏళ్ల తరబడి అధిక బరువు మోసి కమాన్‌ పట్టీలు చదునైపోతాయి. వాటికి తిరిగి వంపు పోయించినా, కంపెనీ కొలత కొత్త కట్ట వేయించినా పోయిన ఎత్తు పోయినంత మేర తిరిగి వస్తుంది. ఇందులో చట్ట ఉల్లంఘన లేదు, షాఫ్ట్‌ వాలు మారదు, బ్రేకు గొట్టం చాలుతుంది. బురదలో పట్టు కావాలంటే అదే సైజులో లోతు గాళ్లున్న మట్టి టైరు దొరుకుతుంది. వీటిని వదిలి పెద్ద టైరు వైపు చూడడానికి అవసరం కొంత, పక్క బండిని చూసి పడే పోటీ కొంత కారణాలు. పర్యాటకుల జీపుల్లో రెండోదే ఎక్కువన్నది దాచాల్సిన పని లేదు.

గూడేల జీపుల సంగతి వేరు. అక్కడ అసలు లోపం దారిలో ఉంది. ఆదిమ తెగల ఆవాసాల కోసం 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం-జన్‌మన్‌ కింద దేశవ్యాప్తంగా 8 వేల కిలోమీటర్ల రోడ్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడు నుంచి ‘అడవి తల్లి బాట’ ప్రారంభించింది. ఈ రోడ్లు పడిన మేరకు డ్రైవరు పట్టీల షాపు మెట్లెక్కే అవసరం తగ్గుతుంది. పడని చోట రవాణా శాఖ జరిమానాకే పరిమితమైతే బండి ఆగుతుంది, రోగి మళ్లీ డోలీ ఎక్కాల్సి వస్తుంది. సంత కేంద్రాల్లో ఉచితంగా బండి పరీక్షించి, అరిగిన గొట్టం, వదులైన యూ బోల్టు, చదునైన కమాన్‌ ఏదో అక్కడికక్కడే చూపించే శిబిరాలు పెడితే ఖర్చు పెద్దగా ఉండదు. వానలు మొదలయ్యే జూన్‌ లోపు ఒకసారి, పర్యాటకుల తాకిడి పెరిగే నవంబరులోపు మరోసారి వీటిని జరిపితే అటు సంత జీపులు, ఇటు కొండ జీపులు రెండూ తనిఖీకి అందుతాయి.