ట్రీట్‌మెంట్ అయిపోయింది, అమ్మ ఇంకా కోలుకుంటోంది

చివరి రేడియేషన్ అయిన రోజు మా ఇంట్లో స్వీట్లు పంచారు. ఇక అంతా మామూలే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. సోమవారం పొద్దున అయిదున్నరకు లేచి, టిఫిన్ బాక్సులు సర్ది, బాబును బహదూర్‌పల్లి చౌరస్తా దగ్గర స్కూల్ బస్సు ఎక్కించి వచ్చాను. మా ఫ్లాట్ రెండో అంతస్తులో. మొదటి అంతస్తు ఎక్కేసరికి కాళ్లు సహకరించక మెట్ల మీదే కూర్చుండిపోయాను.

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తయినంత మాత్రాన ఒంట్లో ఓపిక తిరిగి రాదు. కీమో, రేడియేషన్ వల్ల వచ్చే నీరసం నెలల తరబడి ఉండొచ్చు. ఎంత పడుకున్నా అది తీరదు. హార్మోన్ మాత్రలు అవసరమైనవాళ్లు వాటిని కనీసం 5 ఏళ్లు, కొందరు 10 ఏళ్లు వాడాలి. ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కడం, కీళ్ల నొప్పులు వాటితో వస్తుంటాయి.

ఇలాంటప్పుడు ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, 'అయిపోయిందిగా' అని ఇంటి పనంతా మళ్లీ ఆమె మీదే వేయడం. రెండోది, 'నువ్వేమీ ముట్టుకోకు' అని మూల కూర్చోబెట్టడం. మా అత్తమ్మది రెండో రకం. ప్రేమతోనే అనేది. కానీ నా వంటింట్లో నేనే చుట్టాన్నయిపోయాను.

చేతి విషయమే తీసుకోండి. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేస్తే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. అందుకని ఆ చేత్తో బరువే ఎత్తొద్దని ఒకప్పుడు చెప్పేవారు. అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం చేసిన పరిశోధన 2009లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. అప్పటికే చెయ్యి వాచినవాళ్లు కూడా శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుకుంటూ పోతే వాపు పెరగలేదు, బలం పెరిగింది. పని మానేయడం కాదు, మెల్లగా పెంచుకోవడమే మార్గమన్నమాట. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టర్‌ను, ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టాలి.

మా ఇంట్లో మేం అదే చేశాం. మొదటి నెల టిఫిన్ బాక్సులు మాత్రమే నావి. బస్సు దగ్గరికి మావారు వెళ్లారు. తర్వాత సాయంత్రం నడక, ఆ తర్వాత బాబు హోంవర్క్. చపాతీ పిండి కలపడం, నిండు కుక్కర్ దించడం చివర్లో వచ్చాయి. ఏ పని ఎప్పుడు తీసుకోవాలో నేనే చెప్పాలన్నది మా ఒప్పందం.

శ్రీకాకుళంలో పుట్టిన నటి గౌతమికి 35 ఏళ్ల వయసులో ఈ జబ్బు వచ్చింది. అప్పటికి ఆమె కూతురు చిన్నపిల్ల. 2016లో 'మనమంతా' సినిమాలో ఇద్దరు పిల్లల తల్లిగా, మధ్యతరగతి ఇల్లాలిగా ఆమెను చూశాం. తెర మీద కనిపించేది తిరిగొచ్చిన మనిషే. ఆ మధ్యలో గడిచిన మామూలు రోజులు ఎవరికీ కనిపించవు. మన ఇళ్లలో మాత్రం చూడాల్సింది ఆ రోజులనే.

పేరెంట్స్ మీటింగ్‌కు ముందు రోజు బాబు, "అమ్మా, రేపు టోపీ పెట్టుకునే వస్తావా?" అన్నాడు. నామోషీ పడుతున్నాడేమోనని నా మనసు చివుక్కుమంది. కాదు, స్నేహితులు అడిగితే ఏం చెప్పాలో వాడికి తెలియలేదు. "మందుల వల్ల జుట్టు ఊడింది, మళ్లీ వస్తోంది, ఇది అంటుకునే జబ్బు కాదు అని చెప్పు" అన్నాను. మర్నాడు వాడే నా చెయ్యి పట్టుకుని క్లాసులోకి తీసుకెళ్లాడు. పిల్లల దగ్గర దాచకండి. తెలియకపోతేనే వాళ్లు ఎక్కువ భయపడతారు.

తోటి తల్లిదండ్రులకు ఒక మాట. 'మీరు చాలా ధైర్యవంతులు' అనడం కంటే 'మీ చెకప్ రోజు బాబును నేను దింపుకుంటా' అనడం మాకెంతో మేలు. ఇక్కడి నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె.కో, బంజారాహిల్స్‌లోని బసవతారకానికో చెకప్‌కు వెళ్తే స్కూల్ బస్సు వేళకు తిరిగొస్తామన్న నమ్మకం ఉండదు. ఈ చెకప్‌లు ఏళ్ల తరబడి ఉంటాయి. స్కూలుకూ ఒక విన్నపం: ఇలాంటి ఇళ్ల విషయంలో మొదటి ఫోన్ నాన్నకు చేయండి. మీటింగ్‌కు రాలేని రోజు టీచర్ ఫోన్‌లోనే మాట్లాడే వీలు కల్పించండి.

ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కేస్తున్నాను. కొన్ని రోజులు మధ్యలో ఆగుతాను. ఆగినందుకు ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

— 5వ తరగతి విద్యార్థి తల్లి, బహదూర్‌పల్లి