దసరాకు పోయిన చదువు ఉగాదికి దానంతట అది రాదు

సిర్గాపూర్, నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో దసరా దాటితే చాలా ఇండ్లకు తాళాలు పడతాయి. అడ్వాన్సు తీసుకున్న తల్లిదండ్రులు మహారాష్ట్ర, కర్ణాటక వైపు చెరుకు కొట్టడానికి పోతారు. ఇంట్లో చూసుకునే ముసలోళ్లు లేకపోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి ఉగాది. కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూస్తే దేశమంతా పోయిన చదువు గురించి మాట్లాడింది. మన పిల్లలకు ఆ చదువు ప్రతి ఏడూ పోతూనే ఉంది.

"తండావాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అనేవాళ్లున్నారు. అడ్వాన్సు తీర్చాల్సిన మనిషికి శ్రద్ధ ఒక్కటే ఉంటే ఏం లాభం? తప్పంతా తల్లిదండ్రుల మీద వేస్తే బడికి పని తప్పుతుంది. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోకి వస్తుంది.

బడి మానిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కానీ మన పిల్ల పేరు రిజిస్టర్లో ఉంటుంది. పేరుంటే బడి మానినట్టు కాదు, చదువొచ్చినట్టూ కాదు. ఆ సందులోనే మన పిల్లలు జారిపోతున్నారు.

దారి లేదా అంటే, ఉంది. బిహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రథమ్ సంస్థ పుస్తకాలిచ్చి, టీచర్లకు ట్రైనింగిచ్చి చూసింది. అంతవరకే చేసిన చోట పిల్లల చదువు కదల్లేదు. 2012-13లో హర్యానాలో రోజుకో గంట ఇదే పనికి కేటాయించారు. తరగతులు పక్కనపెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టారు. పర్యవేక్షించే అధికారులు ముందు తామే కొన్ని రోజులు పాఠం చెప్పి నేర్చుకున్నారు. అక్కడ పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. మన రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు వచ్చింది. అది పిల్లల దాకా చేరాలంటే టైంటేబుల్లో గంట దొరకాలి. ఆ గంట ఇవ్వగలిగేది పెద్దసారే.

కాబట్టి పెద్దసారు చేయాల్సిన పనులు ఇవి. దసరాకు ముందే ఏ ఇల్లు పోతుందో జాబితా రాయాలి. ఆ పిల్లలు ఊర్లోనే ఉండేలా సీజనల్ హాస్టల్ కోసం మండలం మీద ఒత్తిడి తేవాలి. తిరిగొచ్చిన ప్రతి పిల్లతో ఒక పేరా చదివించి, ఒక తీసివేత చేయించి, ఎక్కడ ఆగిందో చూడాలి. రోజూ ఒక గంట విడిచిపెట్టాలి. అన్నిటికంటే వెనకున్న గుంపును ఇంకొకరికి అప్పగించకుండా తానే తీసుకోవాలి. ఇంట్లో పాణి, బాటి అనే పిల్లకు నీళ్లు, రొట్టె అని ఆ మాటల మీదుగానే నేర్పించాలి. గోర్ బోలి రాకపోతే తండాలో చదువుకున్న పిల్లలను పిలవాలి, అందులో చిన్నతనమేమీ లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బడి కమిటీ మీటింగుకు పోండి. రంగులు, గేట్ల ముచ్చట తర్వాత పెట్టుకోవచ్చు. ముందు మూడు ప్రశ్నలు అడగండి: చెరుకు నుంచి వచ్చిన పిల్లలకు ఏ గంట ఇచ్చారు? ఎవరు చెబుతున్నారు? పోయిన నెల చదవలేని వాళ్లలో ఈ నెల ఎందరు చదువుతున్నారు? జవాబు నోటిమాటగా వద్దు, మినిట్స్ పుస్తకంలో రాయించండి. వచ్చే నెల అదే పేజీ తెరిచి మళ్లీ అడగండి.