పై పూత ఎవరిది?

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున, కార్నెగీ కళాప్రదర్శనశాలలో, ఫ్లారెన్సు ప్రభువు పత్ని ఎలియొనోరాదని చెప్పుచుండిన చిత్తరువొకటి, ముఖము మరీ నునుపుగా, అగ్గిపెట్టె మీది సుందరివలె నుండుటచే, నకిలీదని శంకింపబడి, పరీక్షకై సంరక్షకురాలి బల్లమీదికి వచ్చెను. గుడ్డమీది చిత్రమునకు కొయ్యపలకమీది చిత్రములకుండు పగుళ్లుండుట గమనించి ఆమె ఎక్స్‌రే తీయింపగా, ఆ కోమలవదనము క్రింద కన్నులుబ్బి, గడ్డము బరువెక్కిన మరియొక ముఖమును, పెద్ద చేతులును బయల్పడెను. ఆమె ఎలియొనోరా కాదు, ఆమె కుమార్తె ఇసబెల్లా దె మెదీచి. 16వ శతాబ్దపు ఆ ప్రౌఢను 19వ శతాబ్దిలో ఎవరో, కొనువారి కంటికింపగునట్లు, పడుచుదానిని చేసిరి. పెండ్లిచూపుల ఫోటోలకు స్టూడియోవారు చేయు టచింగు నెరిగిన మనకు ఇందు వింత లేదు.

ఎముకవలెనే, నాటి చిత్రకారులు దేహచ్ఛాయకై వాడిన సీసపు తెలుపును ఎక్స్‌కిరణముల నడ్డగించును. కావున పైన నెన్ని పూతలు పడినను, క్రింది నుదురును చెక్కిళ్లును ఫిల్ముమీద తెల్లగా నిలుచును.

2014లో ఇసబెల్లా చిత్రముమీది పైపూతను తొలగింపగా, చేతిలో మగ్దలేనే మరియ గుర్తగు పాత్రయు కనబడెను. తొలగించుట న్యాయమే. కాని క్రిందిదెల్ల సత్యము, పైదెల్ల ముసుగు అను భావమొకటి ఇట్టి వార్తలవెంట ప్రబలుచున్నది. అది నాకు సమ్మతము కాదు.

మెల్బోర్నులోని విక్టోరియా జాతీయ చిత్రశాలయందు ఫ్రెంచి చిత్రకారుడు డెగా వ్రాసిన నల్లదుస్తుల స్త్రీ చిత్రము కలదు. 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఆస్ట్రేలియా సింక్రోట్రాను అను యంత్రమునందలి తీవ్రమైన ఎక్స్‌కిరణములను 33 గంటలపాటు దానిపై ప్రసరింపజేసి, ఏ ధాతువు ఏ తావున నున్నదో లెక్కించి, తలక్రిందుగా నున్న మరియొక స్త్రీ ముఖమును వర్ణసహితముగ రాబట్టిరి. ఆమె, డెగా చిత్రములకై కూర్చుండిన ఎమ్మా దొబిన్యీ యని వారి ఊహ. అచట పటమును త్రిప్పినవాడును, మొదటి ముఖముపై రెండవదానిని వ్రాసినవాడును డెగాయే. తాను వలదనుకొన్నదానిని కప్పివేయు హక్కు చిత్రకారునికి లేకున్న మరెవ్వరికున్నది? ఇసబెల్లాపై పూత పూసినది పరుల చేయి. ఎమ్మాపై పూసినది ఆమెను వ్రాసిన చేయియే. గీకుటకు పూనుకొనువాడు మొదట విచారింపవలసినది ఇదియే. ఎవరు అందగత్తె, ఎవరు ప్రసిద్ధురాలు అన్నది కాదు.

డెగా పూత పలుచనిది. ఏండ్లు గడచినకొలది క్రింది ముఖము నీడవలె పై ముఖముమీదికి తేలివచ్చుచున్నది. ఆ మచ్చతోనే ఆమెను గోడమీద నుండనిండు.