పదిహేడు పూసల గొలుసు

మూకండపల్లి సిప్‌కాట్‌లో షిఫ్టులకు వెళ్ళే మనవాళ్ళను ఎవరిని కదిపినా “గ్యాస్ ట్రబులండీ” అంటారు. రాత్రి పని, వేళకాని వేళ భోజనం, ఆపైన మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర. ఆ మాత్ర కడుపులో ఏం చేస్తుందో తెలియాలంటే ముందు గ్యాస్ట్రిన్ అనే హార్మోను కథ తెలియాలి. ఈసారి అదే చెబుతాను.

మనం తిన్న పప్పో, గుడ్డో జీర్ణాశయం కింది భాగానికి చేరగానే అక్కడి కణాలు గ్యాస్ట్రిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది రక్తంతోపాటు తిరిగివచ్చి, ఆమ్లం ఊరించమని పై భాగానికి కబురందిస్తుంది. ఆమ్లం చాలినంత ఊరాక గ్యాస్ట్రిన్ తగ్గుతుంది. ఆమ్లమే దానికి కళ్ళెం అన్నమాట.

ఇలాంటి పదార్థం ఉందని 1905లో ఇంగ్లండులో ఎడ్కిన్స్ చెబితే చాలామంది నమ్మలేదు. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ అనే ఇద్దరు పందుల జీర్ణాశయాల నుంచి దాన్ని శుద్ధంగా వేరుచేశారు. 17 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన గొలుసు అది. 34 పూసల పొడుగు గొలుసు కూడా రక్తంలో తిరుగుతుందని 1970లో యాలో, బెర్సన్ చూపించారు. దాని చివరి 17 పూసలూ ఈ చిన్న గొలుసే.

ఇతర జంతువుల్లో వెతికితే తమాషా బయటపడింది. పందికీ మనకూ అయిదో పూస ఒక్కటే తేడా. దానికి మిథియోనిన్, మనకు ల్యూసిన్. ఆవుకూ గొర్రెకూ అయిదోది వాలిన్, పదోది అలనిన్. పిల్లికి అయిదోది మనలాగే, పదోది ఆవులాగే. కుక్కకు అయిదోది పందిలాగే, పదోది ఆవులాగే. అంటే మత్తిగిరి ఫారంలో మేసే ఆవుకూ మనకూ 17లో రెండే తేడా!

కాని చివరి నాలుగు పూసలు వీటిలో దేనిలోనూ మారలేదు. హోసూరు తెలుగు యాస వేరు, గుంటూరు యాస వేరు, అయినా మాట అర్థమవుతుంది కదా! ఇదీ అంతే. కబురంతా ఆ కొసలోనే ఉంది. ఆ నాలుగు పూసలు చాలు, ఆమ్లం ఊరుతుందని 1964లో తేలింది. ఆ కొసతోనే పెంటాగ్యాస్ట్రిన్ అనే మందు తయారుచేసి, ఆమ్లం ఎంత ఊరుతోందో రోగుల్లో పరీక్షించేవారు.

ఇక మన మాత్ర సంగతి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. కళ్ళెం సడలి గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. ఆమ్లం ఊరించే యంత్రాంగమూ బలపడుతుంది. వారాల తరబడి మింగి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం పొంగుకొస్తుంది. 2009లో డెన్మార్కులో 120 మంది ఆరోగ్యవంతులతో ఒక పరీక్ష చేశారు. 8 వారాలు ఈ రకం మాత్ర మింగి ఆపినవారిలో నూటికి 44 మందికి మంట, పుల్లత్రేన్పుల వంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 15 మందికే వచ్చాయి. ఏ జబ్బూ లేనివారి సంగతే ఇది! అది చూసి రోగం తిరగబెట్టిందనుకుని మనం మళ్ళీ మాత్ర మొదలుపెడతాం.

డాక్టరు రాసిచ్చిన మందును ఈ వ్యాసం చదివి ఆపకండి. కొందరికి అది తప్పనిసరి. సొంతంగా నెలల తరబడి మింగుతున్నవారు మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించుకుని, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోండి. నల్లటి విరేచనం, మింగడం కష్టం కావడం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం వద్దు. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్ర కోసం వెతకకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అది గుండెపోటు కావచ్చు.