చేసిన పనికి సకాలంలో సొమ్ము

చిన్న పరిశ్రమలు నష్టాల వల్లనే మూతపడతాయన్న అభిప్రాయం బలంగా ఉన్నప్పటికీ, చేతిలో ఆర్డర్లు ఉండి, సరుకు అందజేసి, లెక్కల్లో లాభం చూపుతున్న యూనిట్లు సైతం రావలసిన సొమ్ము రాక కుదేలవడం గడ్డు సంవత్సరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో పెద్ద కంపెనీలకు విడిభాగాలు తయారుచేసి ఇచ్చే యజమానులకైనా, విజయవాడ, విశాఖపట్నం ఆటోనగర్లలో చిన్న వర్క్‌షాపులు నడిపేవారికైనా ప్రాణాధారం నిర్వహణ మూలధనమే. ముడిసరుకు కొని, జీతాలూ కరెంటు బిల్లూ చెల్లించి, అమ్మిన సరుకు డబ్బు చేతికి వచ్చేదాకా వ్యాపారాన్ని నిలబెట్టే ఈ సొమ్మును వాడుకలో రొటేషన్ అంటారు. దానిని కొనుగోలుదారు నెలల తరబడి తన దగ్గరే అట్టిపెట్టుకోవడం చిన్నవాడి నుంచి వడ్డీ లేకుండా బలవంతంగా తీసుకున్న అప్పుతో సమానం కనుక, ప్రభుత్వాలు ఈ పద్ధతికి అడ్డుకట్ట వేసి తీరాలి.

బిల్లు వసూలు కాకపోయినా యజమాని బాధ్యతలు ఆగవు. పది లక్షల రూపాయల సరుకుపై 18 శాతం చొప్పున పడే 1.80 లక్షల జీఎస్టీలో, ముడిసరుకుపై ముందే కట్టిన పన్ను మినహాయించగా మిగిలినదానిని, నెలవారీ రిటర్నులు దాఖలు చేసే యూనిట్లు మరుసటి నెల 20వ తేదీలోగా చెల్లించాలి; కొనుగోలుదారు డబ్బు ఇచ్చాడా లేదా అన్న దానితో ఈ గడువుకు సంబంధం లేదు. బ్యాంకు రుణ వాయిదా 90 రోజులకు మించి బకాయి పడితే ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా, అంటే ఆదాయం తేని రుణంగా వర్గీకరిస్తారు గనుక, ఆ ముద్ర తప్పించుకోవడానికి యజమాని అధిక వడ్డీకి బయట అప్పు చేస్తాడు, లేదా ఇంటి బంగారం తాకట్టు పెడతాడు. బాకీ ఎగవేసింది ఒకరైతే, ఎగవేతదారుడన్న పేరు మరొకరికి వస్తుంది.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు. మించితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా అసలులో కలిపే చక్రవడ్డీ చెల్లించాలి. వివాదాలను రాష్ట్రాల్లోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు 90 రోజుల్లో తేల్చాలనీ, ఆ తీర్పును సవాలు చేసే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలనీ కూడా చట్టంలో ఉంది. అయితే ఇదంతా అమ్మకందారు ఫిర్యాదు చేస్తేనే కదులుతుంది. ఏడాది పొడవునా ఒకరిద్దరు కొనుగోలుదారుల మీదే ఆధారపడిన యజమాని వారిపై ఫిర్యాదు చేసి రేపటి ఆర్డరును పోగొట్టుకునే సాహసం చేయలేడు కాబట్టి, చక్రవడ్డీ హక్కు చాలావరకు కాగితానికే పరిమితమవుతోంది.

ఆదాయపు పన్ను చట్టంలో 2023లో చేర్చిన 43బీ(హెచ్) నిబంధన ఈ లోపాన్ని కొంత గుర్తించింది. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా చెల్లించని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు లేకుండా చేసి, ఫిర్యాదుతో పని లేకుండానే కొనుగోలుదారుపై ఒత్తిడి పెట్టింది. దీనివల్ల పెద్ద సంస్థలు చిన్నవారి దగ్గర కొనడం మానేస్తాయన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. అయితే దానికి విరుగుడు నియమాన్ని సడలించడం కాదు, దానిని అందరికీ ఒకేలా వర్తింపజేయడం. ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖలను ఈ నిబంధన తాకదు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లపై ఎక్కువగా ఆధారపడిన సిరిసిల్లలో, 2024 ఆరంభంలో కొత్త ఆర్డర్లు లేక, పాత బకాయిలు అందక మరమగ్గాలు ఆగిపోవడం, ప్రభుత్వమే కొనుగోలుదారు అయినప్పుడు ఆలస్యం ఎందరి కూలిని హరిస్తుందో చాటిచెప్పింది.

పరిష్కారానికి వేదిక కూడా సిద్ధంగానే ఉంది. ట్రెడ్స్ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థలో కొనుగోలుదారు అంగీకరించిన బిల్లుపై బ్యాంకులు పోటీపడి ముందే డబ్బు ఇస్తాయి; గడువు నాటికి కొనుగోలుదారు చెల్లించకపోయినా అమ్మకందారును అడగవు. 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు గల కంపెనీలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఇందులో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. కానీ నమోదైన కొనుగోలుదారు బిల్లును అంగీకరించకుండా నాన్చితే వ్యవస్థ అక్కడే ఆగిపోతుంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్లేనని 2006 చట్టమే చెబుతున్నందున, ఆ సూత్రాన్ని ట్రెడ్స్ బిల్లులకూ నేరుగా వర్తింపజేయాలి. గడువు దాటిన మరుక్షణం నుంచి వడ్డీ దానంతటదే బిల్లుకు జతపడాలి. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, కార్పొరేషన్లు చిన్న సంస్థల బకాయిల పట్టికను నెలనెలా బహిరంగపరచి, పాత బిల్లులను వరుస తప్పకుండా చెల్లించాలి.

బ్యాంకుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఖాతా నిరర్థకం కాకముందే ఇబ్బందిని గుర్తించి, కమిటీ ద్వారా రుణాన్ని సరిదిద్దాలని రిజర్వ్ బ్యాంకు 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది; తమకు అలాంటి హక్కు ఉందని యజమానులకు చెప్పవలసింది శాఖల మేనేజర్లే. యజమానులు సైతం ఉద్యమ్ పోర్టల్‌లో తమ సంస్థను నమోదు చేయించుకుని, కొనుగోలు ఆర్డరునూ సరుకు ముట్టిన రసీదునూ భద్రపరచుకుంటేనే చట్టం వారికి అక్కరకొస్తుంది. అయితే ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్న యజమాని కూడా నేడు బకాయి కోసం తిరగవలసి వస్తోంది గనుక, తొలి అడుగు వేయవలసింది ప్రభుత్వాలే. తమ బకాయిలు తీర్చిన ప్రభుత్వానికే ప్రైవేటు కంపెనీల చేత 45 రోజుల నియమాన్ని పాటింపజేసే నైతిక బలం ఉంటుంది; కొత్త రుణ పథకాలు ప్రకటించే ముందు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రెండూ ఆ పని పూర్తిచేయాలి.