వాయిదా కోరినవారే వాయిదాకు రాకపోతే

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచుకునేది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉన్న బంతిని చేతబట్టి, ఎదుటివారిని ఢీకొంటూ, గజం గజం నేలను గెలుచుకుంటూ సాగే ఆట అది. విశ్వవిద్యాలయాల జట్లు ఆడినా లక్షమంది కూడతారు. ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం అటువంటి జట్టున్న చోటు. 2023లో ఆ జట్టుకు అంటిన మచ్చను గురించి క్రీడాభిమానులు ఎంతో వాదించుకున్నారు. నా దృష్టి మాత్రం ఆటగాళ్ల మీద కాక, ఆ వ్యవహారంలో న్యాయవాదులు నడచిన తీరు మీదా, వారిని నడిపించిన వారి మీదా నిలిచింది.

ముందుగా నేరమేమిటో చెప్పాలి. మైదానం అంచున నిలబడిన శిక్షకులు తరువాతి ఎత్తుగడను చేతిసైగలతోనూ, బొమ్మల పలకలతోనూ ఆటగాళ్లకు తెలుపుతారు. ఆట సాగుతుండగా ఎదుటి జట్టు సైగలను కనిపెట్టి అర్థం చేసుకోవటం తప్పు కాదు. తాము ఆడబోయే జట్ల ఆటలకు ముందుగానే మనుషులను పంపి చూసి రావటం మాత్రం తప్పు. కళాశాల క్రీడలను పాలించే ఎన్.సి.ఎ.ఎ. 1994లోనే దీనిని నిషేధించింది. మిషిగన్ జట్టులో చిన్న ఉద్యోగి అయిన కానర్ స్టాలియన్స్ సరిగ్గా ఆ పనే చేశాడు. టికెట్లు కొని, మనుషులను పంపి, ఫోన్లతో సైగలను చిత్రీకరింపజేశాడు. 2021 నుండి 2023 వరకు 50కి పైగా ఆటలు ఈ విధంగా చూడబడినట్లు తరువాత తేలింది.

2023 నవంబరు 10న, ఆ జట్టు పోటీపడే బిగ్ టెన్ సమాఖ్య అధిపతి టోనీ పెటిటీ, ప్రధాన శిక్షకుడు జిమ్ హార్బాను ఆ రెగ్యులర్ సీజనులో మిగిలిన మూడు ఆటలకు మైదానంలోకి రాకుండా సస్పెండు చేశారు. ఆ ఉత్తర్వులో ఒక విచిత్రమున్నది. ఇది హార్బాకు వేసిన శిక్ష కాదట. విశ్వవిద్యాలయానికి వేసిన శిక్షట. ప్రధాన శిక్షకుడు జట్టుకు ప్రతిరూపం కాబట్టి ఆయన మీద అమలవుతుందట! ఇటువంటి వాక్యం ప్లీడరు కలం నుండి తప్ప పుట్టదు. పెటిటీ కూడా హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివినవారే. పైగా ఆ శుక్రవారం కోర్టులకు సెలవు. మరునాడే పెన్ స్టేట్‌తో ఆట. న్యాయస్థానం తలుపులు మూసి ఉన్న రోజున తాఖీదు పంపటాన్ని న్యాయమనాలో, యుక్తి అనాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

విశ్వవిద్యాలయం వెనుకాడలేదు. ఆ సాయంత్రమే వాష్టెనా కౌంటీ కోర్టులో దావా వేసి, సస్పెన్షనును నిలిపివేయమని కోరింది. వారి న్యాయవాదుల వాదన తేలికగా తీసిపారేయదగినది కాదు. ఎన్.సి.ఎ.ఎ. విచారణ ఇంకా పూర్తి కాలేదు. శిక్షకునికి ఈ సంగతి తెలుసునన్న రుజువు లేదు. వినకముందే శిక్షించటం ఏ ధర్మం? ఎంతటి అపరాధికైనా తన మాట చెప్పుకునే హక్కున్నదని నమ్మేవారెవరైనా ఈ ప్రశ్నకు తల ఊపవలసిందే. నేనూ ఊపుతాను. కక్షిదారు పక్షాన చెప్పదగినదంతా చెప్పటమే న్యాయవాది ధర్మం. అందుకు వారిని నిందించటం, కత్తి పదునుగా ఉన్నదని కమ్మరిని తిట్టటం వంటిది.

నా అభ్యంతరం ఆ తరువాత జరిగిన దాని గురించి. కోర్టు నవంబరు 17న వాయిదా వేసింది. సరిగ్గా ముందురోజు, 16న, ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. విశ్వవిద్యాలయం దావా ఉపసంహరించుకుని సస్పెన్షనును ఒప్పుకున్నది. సమాఖ్య తన విచారణను ముగించింది. ఆ రెండు వాక్యాల మధ్య బహిరంగ విచారణ అనేది మాయమైపోయింది! వినకుండా శిక్షించారని గోలపెట్టినవారే, వినే రోజు రాగానే లేచి వెళ్లిపోయారు. శిక్షించినవారు కూడా తమ ఆధారాలను న్యాయమూర్తి ఎదుట పరచవలసిన అవసరం తప్పిందని ఊపిరి పీల్చుకుని ఉంటారు. రాజీ రాజమార్గమని మనవాళ్లంటారు. పొలం గట్టు తగాదాలో అది నిజమే. నిజమేమిటో తెలుసుకునే హక్కు పదిమందికీ ఉన్నచోట, ఇద్దరి రాజీ మూడోవాడికి నష్టం.

ఆ మూడోవాడు ఎవరు? ఒళ్లు హూనం చేసుకుని ఆడిన కుర్రవాడు. శిక్షకుడు లేని మూడు ఆటలనూ ఆ జట్టు గెలిచింది. 2024 జనవరి 8న వాషింగ్టన్‌ను 34-13తో ఓడించి జాతీయ విజేత అయింది. ఆ నెలలోనే హార్బా లాస్ ఏంజిలిస్ చార్జర్స్ అనే వృత్తి జట్టుకు వెళ్లిపోయారు. ఎన్.సి.ఎ.ఎ. తీర్పు 2025 ఆగస్టులో గాని రాలేదు. స్టాలియన్స్ తన ఫోనును చెరువులో పారవేసిన సంగతి, మరొక శిక్షకుడు అతనితో జరిపిన 52 సందేశాలను చెరిపివేసిన సంగతి ఆ తీర్పులో చదివాము. గెలుపులు నిలిచాయి, విశ్వవిద్యాలయానికి పడిన జరిమానాలు రెండు కోట్ల డాలర్లు దాటుతాయని అంచనా. హార్బాకు 2028 నుండి మరో పదేళ్ల ఆంక్ష పడింది గాని, అది కళాశాలల ఉద్యోగాలకే వర్తిస్తుంది. వృత్తి జట్టులో ఉన్నవారిని అది తాకదు. తప్పు చేయని ఆటగాడికి మాత్రం, నీ గెలుపు నీదేనా అన్న ప్రశ్న జీవితాంతం వెంట వస్తుంది.

సామాన్య కక్షిదారునికీ, విశ్వవిద్యాలయానికీ భేదమున్నది. మొదటివాడు గెలిపించమని వకీలును అడగవచ్చు. న్యాయశాస్త్రాన్ని పాఠంగా చెప్పే సంస్థ అంతటితో ఆగరాదు. మా హక్కులు కాపాడండి, మాలో తప్పుంటే బయటపెట్టండి అని రెండు మాటలూ ఒకే నోట చెప్పవలసింది. మిషిగన్ మొదటి మాటే చెప్పింది. రెండవ మాట వకీలు చెప్పేది కాదు, కక్షిదారు చెప్పవలసినది. అందువలన ఈ కథలో నేను తప్పుపట్టేది నల్లకోటు వేసుకున్నవారిని కాదు. తన అంతరాత్మ పని కూడా ఆ నల్లకోటుకే అప్పగించి చేతులు దులుపుకున్న సంస్థను.