ఉత్సవ విగ్రహానికి ప్రమోషనా?

పుట్టని ఆటగాళ్లు, జరగని మ్యాచ్‌లు, పడని బాస్కెట్లు. వాటికి సీజన్ చివర మేమిచ్చుకునే ఉత్తుత్తి అవార్డులు. ఇందులో తగువు పడ్డానికేముంది అంటారా? ఉందండీ, చాలా ఉంది. రెండు వారాలుగా మా మిత్రబృందంలో జరుగుతున్న గొడవ చూస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు కూడా శాంతియాగాల్లా కనిపిస్తాయి :)

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. బాస్కెట్‌బాల్ జీఎమ్ అని ఒక ఆట ఉంది. జెరెమీ షెఫ్ అనే ఆయన తయారుచేశాడు. జావాస్క్రిప్టులో రాసింది, బ్రౌజర్లోనే నడుస్తుంది, డబ్బులివ్వక్కర్లేదు. ఇందులో మీరు బంతి ముట్టుకోరు. మేనేజర్ కుర్చీలో కూర్చుని ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని వదిలించుకోవాలి, ఎవర్ని ఎంతసేపు ఆడించాలి అన్నవి చూసుకుంటారు. ఆటగాళ్లంతా ప్రోగ్రాం పుట్టించినవాళ్లే. ఒక్కొక్కడికీ ఎత్తు, వేగం, పాసింగ్, రీబౌండింగ్ అంటూ రేటింగులుంటాయి. ఆ రేటింగులకి కాస్త అదృష్టం కలిపి, ఒక్కో పొసెషన్ చొప్పున మ్యాచ్ మొత్తం నడిపించి, నిజం మ్యాచ్‌కి ఇచ్చినట్టే బాక్స్ స్కోర్ మన చేతిలో పెడుతుంది.

మేం 12 మందిమి తలా ఒక జట్టు తీసుకున్నాం. మిగతా 18 జట్లూ కంప్యూటర్ చూసుకుంటుంది. మాలో ఒకాయన (ఆయన్ని పెద్దాయన అంటాం, వయసు మాత్రం 34) లీగ్ ఫైలు దగ్గర పెట్టుకుని, మా నిర్ణయాలన్నీ అందులో ఎక్కించి, సీజన్ నడిపి ఫైలు అందరికీ పంపుతాడు.

ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, సిక్స్త్ మ్యాన్ లాంటి పెద్దమనుషుల అవార్డులు ప్రోగ్రామే ఇచ్చేస్తుంది. మెనూలో 'ఫ్రివాలిటీస్' అని ఒక విభాగం కూడా ఉంది. ఒక్క కప్పూ గెలవని మహామహులు, ప్లేఆఫ్స్ మొహం చూడకుండా ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్లు, ఇలాంటి పట్టికలన్నమాట. అది చూసి మాకూ హుషారొచ్చింది. స్టాట్స్ అన్నీ సీఎస్‌వీలోకి దించుకుని సొంత అవార్డులు కొన్ని కనిపెట్టాం.

1. దానకర్ణ: అందరికంటే ఎక్కువ టర్నోవర్లు చేసినవాడు. అడక్కుండానే బంతి అవతలివాళ్ల చేతిలో పెట్టే ఉదారుడు.

2. అభిమన్యుడు: తక్కువ నిమిషాల్లో ఎక్కువసార్లు 6 ఫౌళ్లూ పూర్తిచేసినవాడు. లోపలికెళ్లడం ఒక్కటే తెలుసు. బయటికి తీసుకురావడం రిఫరీ చూసుకుంటాడు.

3. అరణ్యరోదన: అట్టడుగు జట్టులో ఉండి పాయింట్లు కుమ్మేసినవాడు.

4. త్రిశంకు: ఒకే సీజన్లో ఎక్కువ జట్లు మారినవాడు.

5. ఉత్సవ విగ్రహం: కోర్టులో ఎక్కువసేపు నిలబడి, నిమిషానికి వచ్చే పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకులు అన్నీ కూడితే అందరికంటే కింద తేలినవాడు. కనీసం 1,000 నిమిషాలు ఆడి ఉండాలి.

ఆరు సీజన్లు హాయిగా గడిచాయి. ఫలితాలు రాగానే పడీపడీ నవ్వుకునేవాళ్లం. ఇంతలో మాలో సంస్కర్తలు బయల్దేరారు. "ఊరికే నవ్వుకోవడం ఏంటి, అవార్డన్నాక విలువ ఉండాలి" అన్నారు. ఒక్కో అవార్డుకీ సెకండ్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్ బహుమతిగా ఇవ్వాలట. అయిదింటినీ వెయిట్లు వేసి కలిపి ఒక సూచీ తయారుచేయాలట. దాంతో మేనేజర్లకి ర్యాంకులు ఇవ్వాలట. హతవిధీ!

పోయిన సీజన్లో ప్రయోగమని ఉత్సవ విగ్రహానికి పిక్ పెట్టారు. ఏమైందో ఊహించగలరా? ఈ ఆటలో ఆటగాడి పేరు పక్కన ప్లస్ గుర్తు పెడితే వాడికి ఎక్కువసేపు ఆట దొరుకుతుంది. నలుగురు మేనేజర్లు వదిలించుకోవాల్సిన ముసలి సెంటర్లని వెతికి పట్టుకుని రెండేసి ప్లస్సులు పెట్టి కోర్టులో నిలబెట్టారు. గెలిచిన విగ్రహం వయసు 36. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు కానీ పిక్ మాత్రం వచ్చింది. ఇప్పుడు దానికి ప్యాచ్ వేస్తున్నారు: వయసు పరిమితి, జట్టు కనీసం ఇన్ని మ్యాచ్‌లు గెలవాలన్న నిబంధన, ప్లస్ గుర్తు పెడితే అనర్హత. బగ్ ఉన్నది రిక్వైర్మెంట్‌లోనండీ బాబూ, కోడ్‌లో ఎన్ని ఇఫ్ కండిషన్లు పెడితే పోతుంది?

ఇది మా 12 మంది తెలివితక్కువతనం కాదు. కొలతని లక్ష్యంగా మార్చేస్తే అది కొలతగా పనికిరాకుండా పోతుందన్న అర్థంలో గుడ్‌హార్ట్ సూత్రం అని మనలో చాలామంది వాడుతుంటాం కదా. చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో బ్రిటన్ ద్రవ్య విధానం గురించి చెప్పిన మాటలోంచి పుట్టిందది. బాస్కెట్‌బాల్ కోర్టులో దాన్ని కళ్లారా చూడాలంటే 2003 మార్చి 16 నాటి మ్యాచ్ చూడాలి. క్లీవ్‌లాండ్ కావలియర్స్ ఆటగాడు రికీ డేవిస్ అప్పటికే 26 పాయింట్లు, 12 అసిస్టులు సాధించాడు. ట్రిపుల్ డబుల్‌కి ఒక్క రీబౌండు తక్కువైంది. యూటా జాజ్ మీద గెలుపు ఖాయమైపోయింది, మ్యాచ్ ముగియడానికి క్షణాలే ఉన్నాయి. అప్పుడేం చేశాడయ్యా అంటే, తన జట్టు బుట్టకే బంతి విసిరి, తనే రీబౌండు పట్టుకున్నాడు! అది లెక్కలోకి రాలేదు. పైగా సొంత జట్టే జరిమానా వేసింది. చూడండి, అక్కడ డబ్బు కూడా లేదు. పది అంకె మీద మోజు ఒక్కటే.

మరి డబ్బు తోడైతే? ఎన్‌బీఏ 2023-24 సీజన్ నుంచి ఒక నిబంధన తెచ్చింది. ఎంవీపీ, ఆల్ ఎన్‌బీఏ లాంటి గౌరవాలు కావాలంటే 82లో కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలి. అదే సీజన్లో ఇండియానా ఆటగాడు టైరీస్ హాలిబర్టన్‌కి తొడకండరం గాయమైంది. ఆల్ ఎన్‌బీఏ జట్టులో చోటు దొరికితే ఆయన ఒప్పందం విలువ సుమారు 4 కోట్ల డాలర్లు పెరుగుతుంది. ఎవరో పాత్రికేయులు వేసే ఓట్లు, ఎవరో పెట్టిన 65 అనే అంకె, మధ్యలో ఒక మనిషి కాలు. ఆ నిబంధన మీద ఆయన బాహాటంగానే విసుక్కున్నాడు, నేనైనా అంతే చేసేవాణ్ణి. ఆయనకి అవార్డూ వచ్చింది, డబ్బూ వచ్చింది, అది వేరే సంగతి. అవార్డుకి ధర కట్టగానే అది ఆటని చూసి చెప్పే మాటగా ఉండటం మానేసి, ఆటని నడిపించే కొరడా అవుతుంది.

"అయితే కొలవడమే దండగంటావా?" అని ఒక సంస్కర్త నన్ను నిలదీశాడు. కాదు బాబూ. అంకెలంటే నాకూ ఇష్టమే, లేకపోతే ఆదివారం పొద్దున్నే సీఎస్‌వీ తెరుచుకుని ఎందుకు కూర్చుంటాను? అంకె ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలిసినవాడే దాంతో సరసమాడగలడు. బిల్ రస్సెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు. బ్లాకులంటే ముందు గుర్తొచ్చే పేర్లలో ఆయనది ఒకటి. అధికారిక లెక్కల్లో ఆయన బ్లాకులెన్ని? ఒక్కటీ లేదు. ఎన్‌బీఏ బ్లాకుల్ని లెక్కపెట్టడం మొదలైంది 1973-74లో, ఆయన రిటైరైంది 1969లో. అంటే మన ఉత్సవ విగ్రహం ఫార్ములా పెడితే రస్సెల్ పనిలో పెద్ద భాగం గాల్లో కలిసిపోతుంది. విగ్రహం ఎవరు, అసలు దేవుడెవరు అన్నది అప్పుడు ఏ కాలమ్ ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

విగ్రహం అనగానే టోనీ స్నెల్ గుర్తుకు రావాల్సిందే. 2017 ఫిబ్రవరిలో మిల్వాకీ తరఫున యూటా మీద 28 నిమిషాలు ఆడి పాయింట్లు 0, రీబౌండ్లు 0, అసిస్టులు 0, స్టీల్స్ 0, బ్లాకులు 0. ఆ బాక్స్ స్కోర్ చూసి లోకమంతా ఏళ్లతరబడి నవ్వింది. అదే స్నెల్ 2020-21లో అట్లాంటాకి ఆడుతూ ఫీల్డ్ గోల్స్‌లో 50 శాతం, మూడు పాయింట్ల షాట్లలో 50 శాతం దాటి, ఫ్రీ త్రోలు ఒక్కటి కూడా పోగొట్టకుండా సీజన్ ముగించాడు. అయినా మూడు పాయింట్ల శాతంలో లీగ్ లీడర్ ఆయన కాదు, కనీసం ఇన్ని షాట్లు పడాలన్న గీత ఉంది కాబట్టి. ఇందులో ఏ అంకె అసలు స్నెల్? రెండూ. ఏ గీత ఎక్కడ గీశామో దాన్నిబట్టి మనిషి కమెడియన్ అవుతాడు, హీరో అవుతాడు. మా 1,000 నిమిషాల గీత కూడా అంతే. దాన్ని 1,200 చేసి చూడండి, విగ్రహం మారిపోవచ్చు. నవ్వుకునే అవార్డుకి ఆ గీత ఎక్కడున్నా పరవాలేదు. డ్రాఫ్ట్ పిక్ ఇచ్చే అవార్డుకి ఆ గీతే సర్వస్వం.

సంస్కర్తల దగ్గరున్న బ్రహ్మాస్త్రం ఇంకోటుంది. "నిజం లోకంలో అయితే కొలత తప్పు కావచ్చు, సిమ్యులేషన్‌లో అంతా డేటాయే కదా, ఇక్కడ అంకె అబద్ధం చెప్పదు" అంటారు. సరిగ్గా తలకిందులుగా చెప్తున్నారు. ఒక చిన్న పని చేయండి. సీజన్ మొదలవకముందు లీగ్ ఫైలు కాపీ తీసి పెట్టుకోండి. సీజన్ నడపండి. మళ్లీ ఆ కాపీ నుంచి అదే సీజన్ నడపండి. మళ్లీ. అవే జట్లు, అవే రేటింగులు, అదే కోడ్. ఎంవీపీ మారుతుంది, దానకర్ణుడు మారతాడు, ఒక్కోసారి ఛాంపియనే మారిపోతాడు. నిజం లోకంలో సీజన్ ఒక్కసారే జరుగుతుంది కాబట్టి, గెలిచినవాడు గెలవాల్సినవాడే అని నమ్మేస్తాం. అందులో అదృష్టం వాటా ఎంతో ముక్కు మీద గుద్ది మరీ చూపించేది సిమ్యులేషనే. పైగా ఈ ఆటలో మనకి కనిపించే రేటింగుల్లోనే కాస్త ఫజ్ కలిపి ఉంటుంది, అసలు విలువ కొంచెం అటూఇటూగా ఉంటుంది. రాసినవాడికి తెలుసు, కొలిచేవాడి కంటికి ఎప్పుడూ కాస్త మసక ఉంటుందని. మన హెచ్చార్ వాళ్లకే తెలీదు.

హెచ్చార్ అన్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. సరదా అవార్డులు ఎక్కడైనా సరదాగానే ఉంటాయని నేననను. ఒక ఆఫీసు వార్షికోత్సవంలో స్వైప్ కార్డు డేటా తీసి 'ఆలస్యం అమృతం' అని ఒకాయన్ని స్టేజీ మీదకి పిలిచి కప్పు చేతిలో పెట్టడం చూశాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆయనా నవ్వుతూనే తీసుకున్నాడు. వారానికి మూడు రోజులు వాళ్ల నాన్నగారిని డయాలసిస్‌కి దింపి వచ్చేవాడని టీమ్‌లో ఇద్దరికే తెలుసు. స్వైప్ కార్డుకి ఆ కాలమ్ లేదు. బెల్ కర్వ్‌లో మనుషుల్ని కుక్కే పద్ధతిని మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో వదిలేసింది. కానీ అంకె కనిపించగానే మనిషి కనిపించడం మానేసే జబ్బు అంత తేలిగ్గా వదిలేది కాదు.

అందుకే నా వాదన ఇది. అంకెల మీద నవ్వుకునే అవార్డు నిఖార్సుగా ఉండాలంటే రెండు షరతులు. గెలిచినవాడికి లాభం ఉండకూడదు. గెలిచినవాడికి నొప్పి ఉండకూడదు. నిజం మనుషుల మధ్య రెండో షరతు నిలబడటం చాలా కష్టం. ఉత్తుత్తి లీగ్‌లో అది పుట్టుకతోనే వచ్చింది, మన విగ్రహానికి భార్యాపిల్లలు లేరు, బాధపడడు. మనం కాపాడుకోవాల్సిందల్లా మొదటిదాన్ని. దాన్ని కూడా తీసుకెళ్లి డ్రాఫ్ట్ పిక్‌కి అమ్మేస్తామంటే ఎలా? వారంలో అయిదు రోజులు రేటింగులు, టార్గెట్లు, డ్యాష్‌బోర్డులు. ఆదివారం కాసేపు అవే అంకెల్ని పట్టుకుని గేలి చేసుకునే చోటు ఇదొక్కటే మిగిలింది. అక్కడ కూడా అప్రైజల్ పెట్టే మహానుభావుల్ని ఏమనాలి?

ఇక సూచీ సంగతి. దానకర్ణకి 30 శాతం, అభిమన్యుడికి 25 శాతం వెయిటట. ఆ 30 ఎక్కణ్ణుంచి వచ్చింది, 25 ఎందుకైంది అంటే జవాబు లేదు. జవాబు లేని చోట దశాంశ స్థానాలు పెంచడం మన వృత్తిలో పాత అలవాటే. వంకాయ కూరనీ పాయసాన్నీ సగటు తీస్తే భోజనం అవదు. అయిదు జోకుల్ని కలిపి సగటు తీస్తే ఆరో జోకు రాదు, ఎక్సెల్ షీటు వస్తుంది.

శనివారం ఓటింగు ఉంది. సంస్కర్తల వైపు ఆరుగురు, మా వైపు అయిదుగురు, పెద్దాయన తటస్థం. గెలుస్తారో లేదో గానీ వాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. పిక్ పెట్టిన మర్నాడే నేను నా జట్టులోని ముసలి సెంటర్ పేరు పక్కన రెండు ప్లస్సులు పెడతాను. అప్పుడు మాత్రం ఆటని పాడుచేశావని నన్ననకండి.